తలుపు మీద ‘డా.’ ఉంచాలా, చెరిపేయాలా?

చిత్తూరుకు దగ్గర్లోని ఒక పల్లె నుంచి 29 ఏళ్ళ అమ్మాయి రాసిన ఉత్తరం ఇది, నాలుగు పేజీలు. పేరు, ఊరు వద్దన్నారు. తిరుపతిలో ఫిజియోథెరపీ చదివి, తరువాత ఇంగ్లండులో పోడియాట్రీలో ఎమ్మెస్సీ చేశారు. పాదాలకూ చీలమండలకూ వచ్చే జబ్బులు చూసే చదువది. అక్కడి రిజిస్టరులో పేరెక్కించుకుని రెండేళ్ళు ఉద్యోగం కూడా చేశారు. నాన్నకు గుండె ఆపరేషన్ జరిగితే వచ్చేసి, ఏడాదిన్నరగా తిరుపతిలో ఒక ప్రైవేటు షుగర్ ఆస్పత్రిలో పనిచేస్తున్నారు. ఉత్తరాన్ని కుదించి, ముఖ్యమైన చోట్ల ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

“చేరిన వారానికే నా గది తలుపు మీద పేరుకు ముందు ‘డా.’ అని రాయించారు మా సార్. నేను డాక్టర్ని కాదు సార్ అంటే, ‘అది లేకపోతే ఇక్కడ ఎవరూ లోపలికి రారమ్మా’ అన్నారు. ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే మొదట్లో చూసుకుని మురిసిపోయాను కూడా. నాన్న దాన్ని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపారు.

“ఈమధ్య పెళ్ళిచూపులకు వచ్చారు. అబ్బాయి ఎండీ జనరల్ మెడిసిన్. వాళ్ళమ్మగారు ‘ఎంబీబీఎస్ ఏ కాలేజీలో అమ్మా?’ అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న ‘లండన్లో చదివిందండీ’ అనేశారు. నాకు చెమటలు పట్టాయి. వారం తరువాత మధ్యవర్తి చేత కబురొచ్చింది. ‘డాక్టరన్నారు, కాదంట కదా. కాళ్ళకు ఆనెకాయలు కోస్తుందంట’ అని. కనిపెట్టింది అబ్బాయి అక్క. ఆమె పళ్ళ డాక్టరు. సంబంధం వద్దని అనలేదు, ఆలోచించుకుంటున్నామన్నారు. మా మేనత్త ఊరుకుంటుందా? ‘ఈ మంగలి పనికి లండన్ దాకా పోవల్నా ఏమ్మే?’ అనింది, అందరి ముందూ.

“పలమనేరు వైపు నుంచి ఒక టమాటా రైతు వచ్చాడు. పదిహేనేళ్ళ షుగర్. కుడి అరికాల్లో బొటనవేలి కింద కాయ కాచింది, చూడమని సార్ పంపారు. బ్లేడుతో పొర పొరగా తీస్తుంటే కింద నల్లగా కనిపించింది. ఇంకా తీస్తే పుండు, పుండులో తుమ్మముల్లు ముక్క. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు. నేను దాన్ని లాగుతుంటే ఆయన ఫోన్లో మార్కెట్ రేటు మాట్లాడుకుంటున్నాడు. అంతకు ముందు ఎక్కడో వేలు తీసేయాలన్నారట. మానడానికి పదకొండు వారాలు పట్టింది. మానిన రోజు శాలువా తెచ్చి సార్‌కి కప్పాడు. నాకు ఒక బుట్ట మామిడికాయలిచ్చి ‘కట్టు బాగా కట్టినావు పాపా’ అన్నాడు. నన్ను నర్సనుకున్నాడు. ఇంటికెళ్ళి ఏడ్చాను. కాలు నిలబడితే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడట, వచ్చే నెల ఎక్కుతాడట.

“అమెరికా వెళ్ళి డీపీఎం (పాదాల వైద్యంలో అక్కడి డాక్టరు డిగ్రీ) చేస్తే అసలైన డాక్టర్ని అవుతాను కదా? లేకపోతే చిత్తూరులో సొంతంగా క్లినిక్ పెట్టుకోనా? మేనత్త నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరమంటోంది. ‘డా.’ ఉంచుకోవాలా, తీసేయాలా? ఆ సంబంధం వాళ్ళకు ఏం చెప్పాలి?”

అమ్మా, మీరు ఇన్ని అడిగారు గానీ నేను ఆగిపోయింది మీరు అడగని చోట. మూడో పేజీ చివర “రద్దీగా ఉంటే సార్ యాంటీబయాటిక్ కూడా నన్నే రాసేయమంటారు, సంతకం తరువాత పెడతారు” అని ఒక్క ముక్క రాసి, మళ్ళీ పెళ్ళిచూపుల్లోకి వెళ్ళిపోయారు. ముందు దాని సంగతి చూద్దాం.

ఇంగ్లండులో అదనపు శిక్షణ తీసుకున్న పోడియాట్రిస్టులు 2013 నుంచి సొంతంగా మందులు రాయవచ్చు. మీ సీనియర్లు రాస్తుంటే మీరు చూసే ఉంటారు, కాబట్టి ఇది మీకు పెద్ద తప్పుగా అనిపించి ఉండదు. ఇక్కడ ఆ హక్కు లేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లో 34వ సెక్షన్ చదవండి. ఇక్కడి మెడికల్ రిజిస్టరులో పేరు లేనివాళ్ళు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పేరు ముందు ‘డా.’ ఉన్న చీటీ, దాని మీద మీ చేతిరాత, పెన్సిలిన్ పడని ఒక మనిషి. ఈ మూడూ ఏదో ఒక రోజు ఒక్కచోట కలిస్తే మీ సార్ “నేను రాయమనలేదే” అంటారు. ఆయన చెడ్డవారని కాదు, ఆ రోజు ఎవరైనా అదే అంటారు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మీ ఇష్టానికే వదిలేస్తాను. ఇది మాత్రం రేపటి నుంచే ఆపండి. “సార్, మీరు రాసి సంతకం పెట్టేదాకా పేషెంటును కూర్చోబెడతాను” అంటే చాలు, గొడవ అక్కర్లేదు.

ఇక తలుపు సంగతి. ‘డా.’ ఎవరు పెట్టుకోవచ్చన్నది మన దేశంలో ప్రభుత్వమే తేల్చుకోలేక తన్నుకులాడుతోంది. 2025 సెప్టెంబరులో ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ ఇచ్చింది, మరునాడే దాన్ని వెనక్కి తీసుకుంది. పీహెచ్‌డీ చేసిన తెలుగు మాస్టారు ‘డా.’ పెట్టుకుంటారు. మీ పల్లెలో ఆర్‌ఎంపీని అందరూ ‘డాక్టరూ’ అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. అందరూ వాడుకునే మాటకు నేను మాత్రం ఎందుకు కాకుండా పోవాలి అని మీకు అనిపించడం సహజమే.

కానీ మీ ఉత్తరం మళ్ళీ మీరే చదువుకోండి. ‘డా.’ వల్ల మీకు ఏం ఒరిగింది? తలుపు మీద అంత అక్షరాలతో రాసి ఉన్నా రైతు మిమ్మల్ని నర్సనే అనుకున్నాడు. ఆ తలుపు ఫోటో ఊరంతా తిరగబట్టే పెళ్ళిచూపుల్లో మీకు చెమట పట్టింది. గౌరవం తెస్తుందని పెట్టింది గౌరవం తేలేదు, భయం మాత్రం తెచ్చింది. ఎంబీబీఎస్ కాదని చెప్పడం మీకు ఏనాడూ సిగ్గు కాదు, ఇంగ్లండులో రెండేళ్ళూ రోజూ చెప్పే ఉంటారు. అక్కడ పోడియాట్రిస్టును డాక్టరని పిలవరు. ఆ మాటకొస్తే అక్కడ పెద్ద పెద్ద సర్జన్లే ‘మిస్టర్’, ‘మిస్’ అనిపించుకుంటారు. లండన్లో సర్జన్లకూ మంగళ్ళకూ 1745 దాకా ఒకటే సంఘం. అప్పట్లో డిగ్రీ ఉన్న ఫిజీషియన్లకే డాక్టరన్న పేరు, కత్తి పట్టేవాళ్ళకు లేదు. విడిపోయి ఇన్నేళ్ళైనా ఆ ‘మిస్టర్’ను వాళ్ళు పంతానికి ఉంచుకున్నారు. ఈసారి మీ మేనత్త మాట తూలితే ఈ ముక్క చెప్పండి.

నాకు తోచిన దారులు చెబుతాను. ఉన్నది ఉన్నట్టే ఉంచేస్తే సార్ సంతోషిస్తారు, జీతం సాగుతుంది, చుట్టాల్లో ఫోటో నిలబడుతుంది. “ఏ కాలేజీ?” అని అడిగిన ప్రతిసారీ గుండె దడ మీది. రెండో దారి, ‘డా.’ తీయించి ‘పోడియాట్రిస్టు, పాదాల చికిత్స నిపుణురాలు’ అని రాయించుకోవడం, కింద మీ డిగ్రీలు. ఇది ఊహించి చెబుతున్న పేరు కాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్లో పోడియాట్రిస్టు అని విడిగా ఒక వృత్తిగా రాసి ఉంది. అందులో పేరు నమోదు చేయించుకునే ప్రయత్నం మొదలుపెట్టండి, కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. దీనికీ ఖర్చుంది. కొన్నాళ్ళు “డాక్టరు ఎప్పుడొస్తారమ్మా?” అని అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. సార్ ముఖం మాడ్చుకోవచ్చు. అప్పుడు తప్పు ఆయన మీద వేసినట్టు కాకుండా, “కేసు వస్తే మీ ఆస్పత్రి పేరే ముందు వస్తుంది సార్” అనండి. ఆయన లెక్కలు తెలిసిన మనిషిలాగే ఉన్నారు, అర్థమవుతుంది. అప్పటికీ ససేమిరా అంటే, అక్కడ ఇంకెన్నాళ్ళు ఉండాలో మీరు తేల్చుకోవచ్చు.

పేరు మార్చుకున్నా మార్చుకోకపోయినా ఒక పని చేయండి. పేషెంటు కుర్చీలో కూర్చోగానే, చెప్పు విప్పకముందే, “నా పేరు ఫలానా, నేను పాదాల పుండ్లకు వైద్యం చేస్తాను, మందులు సార్ రాస్తారు” అని చెప్పేయండి. మీరు రైతుకు అది చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చెప్పకుండా ఆయనకెలా తెలుస్తుంది? తెల్లకోటు, చేతికి గ్లవ్స్, కట్టు కడుతున్న ఆడమనిషి. ఆయన లెక్కలో ఇంకెవరు?

అన్నట్టు ‘కట్టు బాగా కట్టినావు’ అన్నందుకు మీరు నొచ్చుకున్నారే, అక్కడ నేను మీతో ఏకీభవించను. పుత్తూరు కట్టు పుట్టిన నేల మనది. చెయ్యి విరిగితే ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి వస్తారు, కట్టే ఆయన పేరు ముందు ఏముందో ఎవరూ చూడరు. (ముందు ఎక్స్‌రే తీయించుకోమని నేను మావాళ్ళతో పోట్లాడుతుంటాను, అది వేరే సంగతి.) ఆ రైతు నోట ‘కట్టు బాగుంది’ అంటే చిన్న మాట కాదు. ‘పాపా’ అన్నాడంటే ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్టు పిలిచాడు. శాలువా సార్‌కి పోయింది, నిజమే. అది మాత్రం నొచ్చుకోవాల్సిందే. “ఈ కాలు నిలబెట్టింది ఆ అమ్మాయి” అని సార్ ఒక్క మాట అని ఉండవచ్చు, అనలేదు.

మీ మేనత్త మాటకు మళ్ళీ వస్తాను, దాన్ని అంత తేలిగ్గా వదలకూడదు. ఆమె మీ చదువును తూచి తక్కువన్నది కాదు. గోళ్ళు తీసేవాళ్ళను, చెప్పులు కుట్టేవాళ్ళను మనం ఎక్కడ నిలబెట్టామో అక్కడికి మిమ్మల్ని నెట్టింది. ఆ మాటలో ఉన్నది కులం. దానికి అమెరికా డిగ్రీలో మందు లేదు. మన భాషలోనే చూడండి, ‘కాళ్ళు పట్టుకోవడం’ అంటే ఇక గతిలేక బతిమాలడం. అదే జనం అలిపిరి పాదాల మండపంలో స్వామి పాదుకలు నెత్తిన పెట్టుకుని తిరుగుతారు. పాదం దేవుడిదైతే నెత్తి మీదికి, మనిషిదైతే ముట్టుకున్నవాళ్ళు కిందికి.

మీ ఊరికి గంట దూరంలోని వెల్లూరుకు 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే సర్జను వచ్చారు, సీఎంసీ ఆస్పత్రికి. కుష్ఠు రోగుల చేతులూ కాళ్ళూ ఎందుకు పాడైపోతున్నాయో చూస్తే, స్పర్శ లేకపోవడమే అసలు కారణమని తేలింది. నొప్పి తెలియదు కాబట్టి ముల్లు గుచ్చుకున్నా నడుస్తూనే ఉంటారు. మీ రైతులాగే. ఆయన ఆపరేషన్లు చేస్తూనే, మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరుతో చెప్పులు చేయించే పనిలోనూ తలదూర్చారు. 1966లో అమెరికా వెళ్ళాక లూసియానాలోని కార్‌విల్‌లో అదే పని కొనసాగించారు. ఇవాళ షుగర్ పాదాలకు ప్రపంచమంతా చేసే వైద్యంలో ఆ అనుభవం చాలా ఉంది. ఇది మిమ్మల్ని ఊరడించడానికి చెబుతున్నానని అనుకోకండి. ఆయన ఎఫ్‌ఆర్‌సీఎస్ చేసిన సర్జను కాబట్టి చెప్పుల గురించి పట్టించుకుంటే గొప్పతనం అన్నారు. మీరు చేస్తే ఆనెకాయలు కోస్తుంది అంటున్నారు. పని ఒకటే, చేసే మనిషిని బట్టి పేరు మారుతోంది. మీ బాధలో ఈ న్యాయమైన భాగం ఉంది, దాన్ని కాదనను.

అలాగని డాక్టరుకూ మీకూ తేడా లేదనీ అనను. పుండు నుంచి విషం ఒళ్ళంతా పాకితే, రక్తనాళం మూసుకుపోతే, కిడ్నీ దెబ్బతింటే మీ చదువు సరిపోదు. ఎప్పుడు సరిపోదో తెలిసి, అదే రోజు పంపించగలగడం కూడా మీ చదువులో భాగమే. అదేవిధంగా అబ్బాయి చదివిన ఎండీలో అరికాలి కాయ కింద బ్లేడు ఎంత లోతుకు వెళ్ళాలో నేర్పరు. షుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్ళలో నూటికి 85 మందికి దాకా ముందు ఒక పుండుతోనే మొదలైందని లెక్క. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. పని లేక మీరు ఖాళీగా కూర్చునే రోజు రాదు.

అమెరికా మాట. డీపీఎం నాలుగేళ్ళు, ఆపైన రెసిడెన్సీ మూడేళ్ళు. ముందు అక్కడి ప్రవేశ పరీక్ష, కావలసిన సబ్జెక్టులు కలుపుకుంటే 37, 38 ఏళ్ళకు తేలతారు. నెత్తిన పెద్ద అప్పుంటుంది. పాదానికీ చీలమండకూ ఆపరేషన్లు చేయాలని, అక్కడే స్థిరపడాలని మీకుంటే అది మంచి దారే. మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా డీపీఎం చేసినవాళ్ళను ఫిజీషియన్ల లెక్కలోనే చూస్తుంది. అయినా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో మిగతా డాక్టర్లతో సమాన హోదా కోసం 2018లో చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. “అసలు డాక్టరేనా?” అన్న ప్రశ్న సముద్రం దాటినా వదలదని దీన్ని బట్టే తెలుస్తోంది. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఆ డిగ్రీతో తిరిగొస్తే ఇక్కడి మెడికల్ రిజిస్టరులో ఎక్కలేరు. దానికి ఎంబీబీఎస్సో, దానికి సమానమైన విదేశీ డిగ్రీయో ఉండాలి. మేనత్త నోరు మూయించడానికి వెళ్తే ఎనిమిదేళ్ళ తరువాత కూడా ఆ నోరు తెరిచే ఉంటుంది. నీట్‌కు 2022 నుంచి గరిష్ఠ వయసు లేదు, రాయవచ్చు. మీ ఉత్తరంలో పుండు గురించి రాసిన తీరు చూస్తే మీకు ఎంబీబీఎస్ మీద మోజు ఉన్నట్టు నాకైతే అనిపించలేదు.

చిత్తూరులో సొంత క్లినిక్ అన్నది నాకు నచ్చింది, ఇప్పుడే వద్దనిపించింది. స్పర్శ చూసే మోనోఫిలమెంటు, ట్యూనింగ్ ఫోర్కు, రక్తప్రసరణ వినే డాప్లర్, పరికరాలు శుద్ధి చేసే ఆటోక్లేవు. వీటికి అప్పు చేయాల్సినంత అవసరం రాకపోవచ్చు. కష్టమైంది మనుషులను కూడగట్టడం. మందులు రాసి బాధ్యత తీసుకునే డాక్టరు ఒకరు, ఫోన్ చేస్తే పలికే రక్తనాళాల సర్జను ఒకరు, చెప్పినట్టు చెప్పులు చేసిచ్చే మనిషి ఒకరు. వీళ్ళు దొరక్కుండా బోర్డు కట్టుకుంటే, తేడా వచ్చిన రోజు ఒంటరివాళ్ళవుతారు. ఉద్యోగం చేస్తూనే ఆదివారాలు చిత్తూరులో తెలిసిన షుగర్ డాక్టరు దగ్గర కూర్చుని చూడండి. ఏడాదిలో పంపేవాళ్ళు ఎంతమందో, డబ్బులిచ్చేవాళ్ళు ఎంతమందో తెలిసిపోతుంది. అద్దె, రిజిస్ట్రేషను, ఆటోక్లేవు అప్పుడు.

సంబంధం దగ్గరికి వద్దాం. ఇందులో మీరు అబద్ధమాడలేదు, నాన్నగారూ నిజానికి ఆడలేదు, లండన్లోనే చదివారు కదా! కాకపోతే అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. ఆయన మీద కోపం పెట్టుకోకండి. కూతురు ఏం చదివిందో నలుగురికీ ఒక్క ముక్కలో చెప్పడానికి ఆయనకు తెలుగులో మాట లేదు. ఆ మాట మీరే ఇవ్వండి. “షుగర్ వల్ల కాళ్ళు పోకుండా చూసే చదువు” అంటే మీ పల్లెలో అర్థం కానివాళ్ళు ఉండరు.

ఈ మొత్తం కథలో నోరు విప్పనిది అబ్బాయి ఒక్కడే. మధ్యవర్తి, అమ్మ, అక్క, మేనత్త మాట్లాడేశారు. మీరు నేరుగా ఫోన్ చేసి, నేను ఇది చదివాను, ఇది చేస్తాను, ఇది చేయను, తలుపు మీద రాసింది తప్పు, తీయిస్తున్నాను అని చెప్పవచ్చు. ఎండీ మెడిసిన్ చేసినవాడు రోజూ షుగర్ పేషెంట్లనే చూస్తాడు, అతనికి మీ పని విలువ తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? వినేసి వెనక్కి తగ్గితే, పెళ్ళయ్యాక తెలియాల్సింది ఇప్పుడే తెలిసినట్టు. లేదా మీరే ఏమీ చెప్పకుండా వాళ్ళ కబురు కోసం ఆగవచ్చు. అప్పుడు వాళ్ళు ఒప్పుకున్నా, ‘పోనీలే’ అని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ ‘పోనీలే’ ఏ పండక్కో బయటికొస్తుంది. అక్కగారిని మాత్రం ఏమీ అనకండి. ఒకప్పుడు పళ్ళు పీకేవాళ్ళను ఎవరూ డాక్టర్లనలేదు. మన దేశంలో దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది, ఆమె పేరు ముందున్న ‘డా.’ వెనక అంత కథ ఉంది. ఎప్పుడైనా భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పుకునే సంగతి అది, ఫోన్లో అనేది కాదు.

చివరిగా ఆ రైతు. మానిన పుండు ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చేవాళ్ళు నూటికి 40 మంది దాకా ఉంటారని నాకంటే మీకే బాగా తెలుసు. ఉత్తరంలో కుడికాలి సంగతే ఉంది, ఎడమకాలు చూశారా? చెప్పులు ఏం ఇప్పించారు? వచ్చే నెల మొక్కు అన్నారు, అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఉత్తకాళ్ళతో. సార్ వద్దంటే వింటాడో వినడో గానీ, కట్టు కట్టిన పాప చెబితే వినొచ్చు. ఆయన్ని ఏం చెప్పి బస్సెక్కించారో నాకు రాయండి.